ఒక్క ఊరి పేరు పట్టుకుని

మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్‌కు ఉత్తరంగా ట్రాయ్ అనే ఊరుంది. కార్ల కంపెనీల ఇంజనీర్లు, వాటికి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు, డాక్టర్లు, అందరూ కలిసి అక్కడ తెలుగు ఇళ్ళు బాగానే ఉన్నాయి. పండగొస్తే భారతీయ టెంపుల్‌కి, శని ఆదివారాలొస్తే పిల్లల్ని వేసుకుని ఏదో ఒక పోటీకి. ఆ ఇళ్ళలో ఎవరినైనా "మీ ఊరికి ఆ పేరెలా వచ్చిందండీ?" అని అడగండి. "హోమర్ ఇలియడ్‌లో ఉంది కదా, కొయ్యగుర్రం కథ" అంటారు. ఆ ఒక్క వాక్యంలో రెండు పొరపాట్లున్నాయి. కొయ్యగుర్రం కథ ఇలియడ్‌లో లేదు. ఆ కావ్యం హెక్టర్ అంత్యక్రియలతో ముగిసిపోతుంది. గుర్రం సంగతి ఒడిస్సీలో కొద్దిగా, లాటిన్ కవి వర్జిల్ రాసిన ఈనియడ్‌లో విస్తారంగా వస్తుంది. ఇక మిషిగన్ ట్రాయ్‌కి దగ్గరి చుట్టం హోమర్ కాదు, న్యూయార్క్ రాష్ట్రంలోని ఇంకో ట్రాయ్. ఆ సంగతి తర్వాత.

జనరల్ నాలెడ్జ్ అనగానే మనకు గుర్తొచ్చేది బిట్ బ్యాంక్. ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు. గ్రూప్ టూ పరీక్షకు చదివేవాళ్ళు హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో బట్టీ పట్టేది అదే. అమెరికాలో పిల్లలు ఫ్లాష్‌కార్డుల మీద రాసుకునేదీ అదే, కాగితం మాత్రం కాస్త మందం. పరీక్ష అయిన నెలకు అందులో ఎంత మిగులుతుందో చదివినవాళ్ళకు తెలుసు. బుర్ర చాలకపోవడం వల్ల కాదు ఇది. ఒంటరిగా వచ్చిన సంగతి ఒంటరిగానే వెళ్ళిపోతుంది, అంతే.

కొత్త మనిషి కనబడితే మన పెద్దవాళ్ళు ఏమడుగుతారు? "ఏ ఊరు? ఎవరి తాలూకు?" రెండు ప్రశ్నలతో ఆ మనిషిని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టేస్తారు. ఇరవై ఏళ్ళ తర్వాత పేరు మర్చిపోయినా "ఫలానావాళ్ళ తోడల్లుడి కొడుకు" అని గుర్తు పడతారు. ప్రతి కొత్త సంగతినీ ఇలాగే నిలబెట్టి అడగడం అలవాటు చేసుకోమనడమే ఈ అధ్యాయం పని. చెబితే తేలిక. చేసి చూపిస్తేగాని ఒంటబట్టదు కాబట్టి, ట్రాయ్ అనే ఒక్క పేరు పట్టుకుని లాగుదాం. సాహిత్యం, భూగోళం, తిండి, సైన్సు, ఏవేం వస్తాయో చూడండి.

ముందు, ఏ ట్రాయ్?

అసలు ట్రాయ్ ఇప్పటి టర్కీలో, చనక్కలే దగ్గర హిసార్లిక్ అనే దిబ్బ. జర్మన్ వ్యాపారి హైన్రిక్ ష్లీమన్ 1870ల్లో అక్కడ తవ్వాడు. ఒక ఊరి మీద ఇంకో ఊరు, దాని మీద ఇంకోటి, ముఖ్యంగా తొమ్మిది పొరలు బయటపడ్డాయి. ష్లీమన్ తనకు దొరికిన బంగారాన్ని ప్రయామ్ రాజు నిధి అని ప్రకటించాడు. అది ట్రోజన్ యుద్ధం జరిగిందనుకునే కాలానికి వెయ్యేళ్ళకు పైగా ముందుదని తర్వాత తేలింది. తొందరపడి జవాబు చెప్పేసేవాళ్ళందరికీ ఆయన మంచి ఉదాహరణ.

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున డచ్చి కుటుంబం పేరుతో పిలిచే ఒక రేవుండేది. 1789లో అక్కడివాళ్ళు దానికి ట్రాయ్ అని పేరు పెట్టుకున్నారు. కొత్త దేశానికి పాత గ్రీకు రోమన్ వైభవం అద్దాలని అప్పట్లో ఒక మోజు. అందుకే ఆ రాష్ట్రంలో రోమ్ ఉంది, ఇథాకా ఉంది, సిరక్యూస్ ఉంది, యుటికా ఉంది. 1825లో ఈరీ కాలువ తెరిచాక న్యూయార్క్ జనం పడవలెక్కి పడమటికి, మిషిగన్ అడవులకు వలస వెళ్ళారు. పేర్లు కూడా మూటగట్టుకుని వెళ్ళారు. మిషిగన్‌లో ట్రాయ్ టౌన్‌షిప్ 1827లో ఏర్పడింది, నగరం హోదా 1955లో వచ్చింది. కాలువ తెరిచిన ఏడాదినీ, టౌన్‌షిప్ ఏడాదినీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ విడిగా బట్టీ పట్టే పని లేదు. ఒకటి గుర్తుంటే రెండోది దాని వెనకే నడిచొస్తుంది.

ఈ వరసలో అన్నిటికంటే నాకిష్టమైనది మన ఇళ్ళల్లోకే వస్తుంది. టీవీలో బంగారం ధర చెప్పేటప్పుడు "అంతర్జాతీయ మార్కెట్లో ఔన్సు ఇంత" అంటారు. అది ట్రాయ్ ఔన్సు, 31.1 గ్రాములు. మామూలు సరుకులు తూచే ఔన్సు 28.35 గ్రాములే. ఈ తూకానికి ఆ పేరు హోమర్ ఊరి నుంచీ రాలేదు, అమెరికా ఊళ్ళ నుంచీ రాలేదు. మధ్యయుగాల్లో పెద్ద సంతలు జరిగిన ఫ్రాన్స్‌లోని ట్రువా పట్టణం నుంచి వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. ఇంగ్లీషువాళ్ళు రాసేటప్పుడూ పలికేటప్పుడూ అది ట్రాయ్ అయింది.

ఇప్పుడు మన తులం సంగతి చూడండి. తులం మనదే, పాతదే. కాని అది ఊరికో బరువుగా ఉండేది. 1833లో ఈస్టిండియా కంపెనీ దాన్ని 180 ట్రాయ్ గ్రెయిన్లుగా ఖరారు చేసింది. గ్రెయిను అంటే 0.0648 గ్రాము. గుణించండి, 11.66 గ్రాములు. అమ్మమ్మ కాసులపేరు ఎన్ని తులాలో చెప్పినప్పుడు ఆమె లెక్క అదే. ఇవాళ చాలా చోట్ల వాడుకలో తులమంటే 10 గ్రాములే అయిపోయింది కాబట్టి, పాత నగ కొత్త దుకాణానికి తీసుకెళ్ళేటప్పుడు ఈ 1.66 గ్రాముల తేడా తెలిసి ఉండడం జనరల్ నాలెడ్జ్ మాత్రమే కాదు. ట్రాయ్ ఔన్సుకు 480 గ్రెయిన్లు, అంటే పాత తులం సరిగ్గా అందులో ఎనిమిదింట మూడు వంతులు.

పిల్లలకు ఒక పొడుపు ప్రశ్న కూడా ఇందులోనే ఉంది. పౌను బంగారం బరువా, పౌను దూది బరువా? "రెండూ ఒకటే" అని నవ్వుతారు. తప్పు. ట్రాయ్ పౌనుకు పన్నెండే ఔన్సులు, 373 గ్రాములు. దూది తూచే పౌను 454 గ్రాములు. దూదే బరువు. మరి ఔన్సు బంగారం, ఔన్సు దూది? అప్పుడు బంగారమే బరువు. ఇలా రెండుసార్లు తిరగబడిన ప్రశ్నను పిల్లలు జన్మలో మర్చిపోరు.

జవాబుకు గుర్తు పెట్టడం

బిట్ బ్యాంక్‌లో ప్రతి జవాబూ ఒకే ధైర్యంతో కూర్చుని ఉంటుంది. నిజ జీవితంలో అలా ఉండదు. అందుకే నోటుపుస్తకంలో ప్రతి సంగతి పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టమంటాను: రూఢి అయితే "రూ", తగాదాలో ఉంటే "త", వినికిడి అయితే "వి".

అమెరికాకు ముద్దుపేరైన అంకుల్ శామ్ ఎవరు? క్విజ్ పుస్తకం జవాబు: న్యూయార్క్ ట్రాయ్‌లో మాంసం వ్యాపారి శామ్యూల్ విల్సన్. 1812లో బ్రిటన్‌తో యుద్ధం మొదలయ్యాక ఆయన సైన్యానికి మాంసం పీపాలు సరఫరా చేశాడు. పీపాల మీద యునైటెడ్ స్టేట్స్ అనడానికి యు.ఎస్. అని ముద్ర. ఊళ్ళో ఆయన్ని అందరూ "శామ్ బాబాయ్" అనేవాళ్ళు కాబట్టి ఆ అక్షరాలు ఆయనవేనని సైనికులు హాస్యమాడారట. 1961లో అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసి మరీ విల్సన్‌కి ఆ గౌరవం ఇచ్చింది. ఇంకేం, "రూ" పెట్టేయొచ్చా? ఆగండి. ఐజాక్ మేయో అనే కుర్ర నావికుడు 1810లో రాసుకున్న దినచర్యలో "అంకుల్ శామ్" అన్న మాట కనబడింది. అది యుద్ధానికి రెండేళ్ళ ముందు. అంటే పీపాల కథ ఎంత బాగున్నా, మాట అంతకుముందే నలుగురి నోట్లో ఉంది. విల్సన్ ఉన్నాడన్నది రూఢి, మాంసం అమ్మాడన్నది రూఢి, పేరు ఆయన నుంచే పుట్టిందన్నది తగాదా. ఒకే జవాబులో రెండు రకాల గుర్తులు పడ్డాయి చూశారా. పార్లమెంటు తీర్మానం చేసినంత మాత్రాన చరిత్ర మారదు. మన దగ్గరా ఇది గుర్తుంచుకోదగ్గదే.

అదే ఊరి పత్రిక ట్రాయ్ సెంటినెల్‌లో 1823 డిసెంబరు 23న ఒక పద్యం అచ్చయింది, కవి పేరు లేకుండా. క్రిస్మస్ తాత ఎనిమిది దుప్పుల బండిలో వచ్చి పొగగొట్టంలోంచి దిగడం, బొజ్జ ఊగేలా నవ్వడం, ఇవాళ ప్రపంచమంతా ఊహించుకునే రూపం చాలావరకు ఆ పద్యం స్థిరపరిచిందే. క్లెమెంట్ క్లార్క్ మూర్ అనే హీబ్రూ పండితుడు 1844లో తన కవితా సంపుటిలో దాన్ని చేర్చుకున్నాడు. హెన్రీ లివింగ్‌స్టన్ అనే ఇంకొకాయన వారసులు "మా తాతగారిది" అన్నారు. అచ్చయిన ఊరు, తేదీ "రూ". కవి దగ్గర చిన్నగా "త".

ఈ గుర్తుల వల్ల ఇంకో లాభం ఉంది. నలుగురిలో మాట్లాడేటప్పుడు "ఇది ఖాయం, ఇది మాత్రం వాదనలో ఉంది" అనగలిగినవాడి మాటకు విలువ పెరుగుతుంది. అన్నీ తెలుసన్నట్టు మాట్లాడేవాడి పక్కన ఎవరూ ఎక్కువసేపు కూర్చోరు.

వంటింట్లోంచి జెయింట్ వీల్ దాకా

న్యూయార్క్ ట్రాయ్‌లో 1824లో పెట్టిన ఇంజనీరింగ్ కళాశాల ఉంది, ఇప్పటి పేరు రెన్సెలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్. మన తెలుగు పిల్లలు చాలామందే వెళ్తారు. అక్కడ 1838లో చదువు ముగించిన ఎబెన్ హోర్స్‌ఫోర్డ్ తర్వాత హార్వర్డ్‌లో ప్రొఫెసరై, నమ్మకమైన బేకింగ్ పౌడర్ తయారు చేశాడు. వంటసోడా ఒక్కటే ఉంటే చాలదు, దానికి పులుపు తగలాలి. తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, పిండి పొంగుతుంది. హోర్స్‌ఫోర్డ్ చేసిందల్లా పులుపును కూడా పొడిగా మార్చి సోడాతో కలిపి డబ్బాలో పెట్టడం. నీళ్ళు తగిలేదాకా ఆ రెండూ మాట్లాడుకోవు. ఇదంతా మనకెందుకంటారా? మైసూరు బజ్జీ పిండిలో పుల్లపెరుగు ఎందుకు కలుపుతారో అడగండి. రుచికి సగం, సోడాను లేపడానికి సగం. పెరుగు తాజాగా, తియ్యగా ఉన్న రోజు బజ్జీ గట్టిగా వచ్చి, పైగా సోడా వాసన కొడుతుంది. కారణం అదే, మిగిలిపోయిన సోడా. ఇడ్లీ పిండిదేమో వేరే దారి, అక్కడ గాలి పుట్టించేవి రాత్రంతా పనిచేసే సూక్ష్మజీవులు. ఈ తేడా తెలిస్తే చలిదేశంలో పిండి పులియకపోవడానికి కారణమూ తెలుస్తుంది, ఓవెన్‌లో దీపం వేసి గిన్నె లోపల పెట్టే చిట్కా ఎందుకు పనిచేస్తుందో కూడా.

అదే కళాశాలలో 1881లో పట్టా తీసుకున్న జార్జ్ ఫెర్రిస్, 1893 షికాగో ప్రదర్శన కోసం 264 అడుగుల చక్రం కట్టాడు. 1889లో పారిస్‌వాళ్ళు ఐఫెల్ టవర్ లేపారు, దానికి దీటుగా ఏదైనా కావాలని నిర్వాహకుల పట్టుదల. 36 పెట్టెలు, ఒక్కో దాంట్లో 60 మంది. నాంపల్లి నుమాయిష్‌లో మనమెక్కే జెయింట్ వీల్‌కి తాత అదే. ఐఫెల్, షికాగో, ట్రాయ్, నాంపల్లి, నాలుగూ ఒక వరసలో పడ్డాయి కదా. విడివిడిగా నాలుగు బిట్లుగా చదివితే నాలుగూ నాలుగు దిక్కులకు పోయేవి.

భూగోళం బిట్ ఒకటి. హడ్సన్ నదిలో సముద్రపు పోటు న్యూయార్క్ నగరం నుంచి సుమారు 150 మైళ్ళు లోపలికి, ట్రాయ్ దగ్గరి ఆనకట్ట దాకా వస్తుంది. అక్కడ నీళ్ళు రోజుకు రెండుసార్లు నాలుగైదు అడుగులు లేచి పడతాయి. కాని ఉప్పదనం అంత దూరం రాదు. ఎందుకో మీ పిల్లల్ని ఆలోచించమనండి. సముద్రపు నీరు అంత దూరం నడిచి వస్తోందని వాళ్ళు అనుకుంటారు. వచ్చేది నీరు కాదు, అల. కింద నీటిమట్టం లేస్తే పైనుంచి వచ్చే మంచినీరు ఆగి, పేరుకుని, కొంతసేపు వెనక్కి కూడా నడుస్తుంది.

పుస్తకం మూయడం

ఇలా చుట్టరికాలు కలిపాక కూడా మర్చిపోతాం. ఇక్కడ చాలామంది చేసేది మళ్ళీ చదవడం. అది చాలా హాయిగా ఉంటుంది, అందుకే మోసం. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికి అనే మనస్తత్వవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఉంది. ఒక గుంపు విద్యార్థులు ఒక వ్యాసాన్ని నాలుగు విడతలూ చదివారు. ఇంకో గుంపు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత అడిగితే వాళ్ళకు గుర్తున్నది 40 శాతం, మూసి రాసినవాళ్ళకు 61 శాతం.

ఈ రహస్యం మన అవధానులకు ఎప్పుడో తెలుసు. అష్టావధానంలో సమస్యకైనా దత్తపదికైనా పద్యం ఒక్క ఊపులో చెప్పరు. ఒక పాదం చెప్పి వదిలేసి, మిగతా పృచ్ఛకులందరి చుట్టూ తిరిగి, మధ్యలో అప్రస్తుత ప్రసంగి వేసే చిలిపి ప్రశ్నలకు జవాబులిచ్చి, మళ్ళీ వచ్చి రెండో పాదం. చివర్లో అన్నిటికీ ధారణ. కాగితం లేదు. అంటే ప్రతి విడతలోనూ వెనకటిది కొంచెం మరుపు పట్టేంత దూరం వెళ్ళి, దాన్ని మళ్ళీ లాక్కురావడం. మరుపు అంచుదాకా వెళ్ళిన సంగతిని వెనక్కి లాగితేనే అది గట్టిపడుతుంది. మీరూ అదే చేయండి. రాత్రి భోజనాల దగ్గర నాలుగు సంగతులు చెప్పుకున్నాక వేరే కబుర్లలో పడండి. మజ్జిగన్నంలోకి వచ్చేసరికి మొదటి సంగతి ఎవరైనా అడగాలి. మర్నాడు కారులో ఇంకోసారి. తర్వాత ఆదివారం ఇంకోసారి. రాని జవాబు వెంటనే చెప్పేయకండి, కాసేపు నానబెట్టండి.

నానబెట్టడానికి కూడా ఆధారం ఉంది. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో గ్రూబర్, గెల్‌మన్, రంగనాథ్ 2014లో చేసిన ప్రయోగంలో మనుషుల్ని జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలడిగి, జవాబు కోసం కొన్ని క్షణాలు ఎదురుచూసేలా చేశారు. ఆ నడుమ ఎవరిదో సంబంధం లేని ముఖం చూపించారు. బాగా ఆసక్తి పుట్టిన ప్రశ్నల జవాబులు గుర్తుండడం వింత కాదు. ఆ ఎదురుచూపులో కనబడిన ముఖాలు కూడా బాగా గుర్తున్నాయి. కుతూహలం తలుపు తీస్తే పక్కనున్నవీ లోపలికొస్తాయన్నమాట.

పోటీల సంగతి ఒక మాట. రత్నం చిట్టూరి గారు 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ పుణ్యమా అని అమెరికాలో వేలాది భారతీయ పిల్లలు స్పెల్లింగ్, భూగోళం పోటీలకు తయారవుతున్నారు. వచ్చిన డబ్బు ఇండియాలో పేద విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు వెళ్తుంది. టెక్సస్ తెలుగు కుర్రాడు నిహార్ జంగా 2016లో జాతీయ స్పెల్లింగ్ బీ సహ విజేత, 2019లో నేషనల్ జియోగ్రాఫిక్ బీ విజేత. ఒకే బుర్రలో రెండూ పట్టడం ఆశ్చర్యం అనిపించదు నాకు, ఆ రెండు చదువులూ ఒకదానికొకటి చుట్టాలే. కాని ఆ స్థాయి కోసం ప్రతి పిల్లనూ తోమాల్సిన పని లేదు. కప్పు రాలేదని ఇంటికొచ్చే దారంతా కారులో మౌనం పాటించే తల్లిదండ్రులు ఈ అధ్యాయం చదవకపోయినా నష్టం లేదు.

దానికంటే పిల్లలకు అడగడం నేర్పండి. 1971లో మిషిగన్ ట్రాయ్ పబ్లిక్ లైబ్రరీలో పిల్లల విభాగం చూసే మార్గరీట్ హార్ట్, పేరున్నవాళ్ళు చాలామందికి ఉత్తరాలు రాసింది: మా ఊరి పిల్లలకు లైబ్రరీ గురించి ఒక ముక్క రాసి పంపండి అని. 97 జవాబులొచ్చాయి. రాసినవాళ్ళలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఐజాక్ ఎసిమోవ్, డాక్టర్ స్యూస్, ఇ.బి. వైట్ ఉన్నారు. ఆ ఉత్తరాలు ఇప్పటికీ ఆ లైబ్రరీ సొత్తు. (2011లో అదే లైబ్రరీ డబ్బు లేక మూతపడబోయింది. పన్ను పెంపు మీద ఓటింగ్ ముందు, "మూసేద్దాం, పుస్తకాలు కాల్చే పండగకు రండి" అని వెటకారపు బోర్డులు వెలిశాయి. జనం మండిపడి లైబ్రరీకి ఓటేశారు. బోర్డుల వెనక ఉన్నది దాన్ని కాపాడాలనుకున్నవాళ్ళే.)

ఈ వారం పని

మీ సొంత ఊరు తీసుకోండి. ఉదాహరణకు మీది బందరనుకుందాం. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు అక్కడ వర్తకం మొదలెట్టారు. 1864 నవంబరు తుఫానులో సుమారు 30,000 మంది పోయారు. 1923లో పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టింది అక్కడే. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు పాఠం చెప్పిందీ, విశ్వనాథ సత్యనారాయణ గారు ఆయన దగ్గర చదివిందీ అక్కడే. తొక్కుడు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పక్కన పెడనలో కలంకారీ అద్దకానికి బట్టను ముందు కరక్కాయ నీళ్ళలో తడుపుతారు, బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ఊరబెట్టి నలుపు చేస్తారు, పటికతో ఎరుపు నిలబెడతారు.

ఇవన్నీ ఇక్కడ చదివినంత మాత్రాన మీవి కావు. పుస్తకం మూసి ఒక కాగితం మీద రాయండి. ఏది దేనికి చుట్టమో గీతలు గీయండి: తుఫానుకూ రేవు వైభవం తగ్గడానికీ గీత వేయొచ్చా? దాని పక్కన "రూ" పెడతారా, "త" పెడతారా? రెండు సంగతులైనా ఇంటర్నెట్లో కాకుండా మనిషిని అడిగి తెలుసుకోవాలి. ట్రాయ్‌లో రాత్రి తొమ్మిదైతే బందరులో మర్నాడు పొద్దున్నే, తాతయ్య కాఫీ తాగే వేళ. ఫోన్ పిల్లల చేతికిచ్చి, లడ్డును ఎందుకు తొక్కుతారో వాళ్ళనే అడగమనండి.